పావుగంట వంటకు పట్టే మధ్యాహ్నం

మా చెల్లెలి కోడలు పావుగంటలో ఇంటిల్లిపాదికీ వంట చేస్తుంది. ఓవెన్ అక్కర్లేదు, ఒక్క పెనం చాలు, ఖర్చు కూడా తక్కువే. ఈ మాట నేను అనడం లేదు. ఆమె ఫోన్ ముందు నిలబడి తానే అంటుంది. అన్నదాన్ని వేలమంది నమ్ముతారు, నమ్మినవాళ్లలో కొందరు చేతులు జోడించిన బొమ్మలు పంపుతారు. మా వీధిలో ఆమెను పేరుతో పిలిచేవాళ్లు తగ్గిపోయారు. "పావుగంటగారు ఉన్నారా?" అని గుమ్మంలో నిలబడి అడుగుతారు. ఆమె దాన్ని బిరుదుగా స్వీకరించింది. నేను కూడా ఆ పేరుతోనే పిలుస్తాను, కాని బిరుదుగా కాదు.

ఆ పావుగంట ఎక్కడ మొదలవుతుందన్నదే అసలు ప్రశ్న. పెనం వేడెక్కి, నూనె మెరిసి, ఆమె జుట్టు సవరించుకుని నవ్విన క్షణాన అది మొదలవుతుంది. అప్పటికే గట్టు మీద మూతలు పెట్టిన స్టీలు గిన్నెలు బారుగా కూర్చుని ఉంటాయి. ఒక మూత తీస్తే సన్నగా తరిగిన ఉల్లిపాయ, ఇంకో మూత తీస్తే అగ్గిపుల్లల్లా కోసిన క్యారెట్టు, మరో మూత తీస్తే నానబెట్టి ఉడికించి వార్చిన చిక్కుడు గింజలు. అవి అక్కడికి ఎలా వచ్చాయో చూసేవాళ్లెవరూ అడగరు. పిల్లల కథల్లో అడవిలో దారితప్పిన రాకుమారుడికి ఖాళీ కోటలో వేడివేడి విస్తరి ఎదురవుతుంది చూడండి, అలాగన్నమాట. రాకుమారుడు కూడా వంటమనిషి ఎవరని అడగడు. కూర్చుని తింటాడు.

ఆ గిన్నెల వెనక ఉన్నది మా చెల్లెలు.

ఆమె వృత్తి గడియారాలు బాగుచేయడం. నాన్న దగ్గర నేర్చుకుంది, పెళ్లయ్యాక మానలేదు, భర్త పోయాక దానితోనే ఒక్కగానొక్క కొడుకును పెంచింది. ఇప్పటికీ కిటికీ పక్కన ఆమె బల్ల ఉంది, కంటికి బిగించుకునే భూతద్దం ఉంది, జుట్టు చివరలంత సన్నటి మొనలున్న పట్టకారు ఉంది. బల్ల మీద బోర్లించిన గాజు గిన్నె కింద ఒక ఆడవాళ్ల చేతిగడియారం వెనక మూత విప్పుకుని పడుకుని ఉంది. అందులో బిగించాల్సిన మర ఆవగింజలో సగం కూడా ఉండదు. దాని యజమానురాలు, ఆసుపత్రిలో నర్సు, అప్పుడప్పుడు డ్యూటీ దిగి వస్తూ, "ఏమైనా కదిలిందా అమ్మా?" అని తొంగిచూసి పోతుంది. కదలలేదు. ఎందుకంటే మధ్యాహ్నాలన్నీ మా చెల్లెలు వెనక వసారాలో ముక్కాలి పీట మీద కూర్చుని కూరగాయలు తరుగుతోంది. ఒక వంటకు సరిపడా కాదు, మూడు వంటలకు సరిపడా. ఒకసారి వెలుతురు బాగుండదు, ఒకసారి జుట్టు బాగుండదు, బాగా వచ్చిందనుకున్నసారి వీధిలో ఎవడో హారన్ కొడతాడు. అంతా మళ్లీ మొదలు. అంతా అంటే పెనం దగ్గర పావుగంట, పీట దగ్గర పూట.

ఇంతా చేసి ఆ ఇంట్లో వేడి భోజనం ఉంటుందా అంటే అదీ లేదు. వీడియోలో మెరవడానికి కూర మీద కుంచెతో పచ్చినూనె పూస్తారు. తీయడం ముగిసేసరికి అది చల్లారి, బంక కట్టి, ఎత్తితే ఒకే ముక్కగా పెనం నుంచి లేచి వస్తుంది. రాత్రికి మేం తినేది అదే. ఊరందరికీ త్వరగా వండడం నేర్పే ఇంట్లో అందరికంటే ఆలస్యంగా, చల్లగా తింటున్నాం. నేను ఆ ఇంటి ముందుగదిలో ఉంటాను. గ్రంథాలయంలో ఉద్యోగం చేసి విరమించాను. నాకు వంట రాదు, వచ్చని ఎన్నడూ చెప్పుకోలేదు. ఈ ఒక్క విషయంలో పావుగంటతో పోలిస్తే నేను నిజాయితీపరురాలిని.

మొదట్లో మా చెల్లెలు బొటనవేలు నొక్కుకుంటూ తిరిగేది. తర్వాత గ్లాసు ఎడమచేత్తో ఎత్తడం మొదలుపెట్టింది. ఒకరోజు పట్టకారు ఆమె వేళ్ల మధ్యనుంచి జారి నేల మీద టింగుమంది. నాన్న పోయినప్పుడు కూడా నేను ఆమె ముఖం అలా పాలిపోవడం చూడలేదు. మర్నాడే ఎముకల డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాను.

ఆయన వేలు వంచాడు, నొక్కాడు, ఆమె పళ్లు బిగించడం చూశాడు.

"ఏం పని చేస్తారమ్మా?"

"గడియారాలండీ," అంది మా చెల్లెలు.

"కూరగాయలండీ," అన్నాను నేను.

ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, మణికట్టు నుంచి బొటనవేలి దాకా పట్టీ బిగించాడు. "ముందు కత్తి మానెయ్యండి. తరగడం, పిండడం, ఒత్తడం ఏవీ వద్దు. లోపల నరం వాచి ఉంది. ఇలాగే సాగదీశారంటే ఈ వేలు ఇక సన్నపనికి రాదు. అన్నం కలుపుకోవడానికి పనికొస్తుందేమో, అంతే."

"పట్టకారు పట్టుకోవచ్చా?"

"కత్తి మానేస్తే పట్టకారు మిగులుతుంది. రెండూ అంటే రెండూ పోతాయి."

ఇంత స్పష్టంగా మాట్లాడే డాక్టరును నేను ఈమధ్య చూడలేదు. మా చెల్లెలు దారి పొడుగునా ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, వేరేవాళ్ల బిడ్డను కాసేపు ఎత్తుకున్నట్టు.

ఆ సాయంత్రం బంక కట్టిన కూర ముందు నలుగురం కూర్చున్నాం. పావుగంట ముఖం వెలిగిపోతోంది.

"అత్తయ్యా, శనివారం ఖాయమైంది! పెద్దబజారులో పెనాల కొట్టు లేదూ, వాళ్ల మేడ మీద. జనం ముందే వండాలి. ఆ కొట్టు యజమానికి ఊరూరా కొట్లున్నాయి. ఇది బాగా జరిగిందంటే ప్రతి కొట్లోనూ నాతోనే పెట్టిస్తాడట."

"చాలా సంతోషం," అన్నాను. "మరి గిన్నెలు?"

"గిన్నెలకేం పెద్దత్తయ్యా, కొట్లో బోలెడున్నాయి."

"గిన్నెల్లోవి."

అప్పుడామె చూపు పట్టీ మీద పడింది. పడి, మర్యాదగా పక్కకు జరిగింది. మా చెల్లెలు గబగబా అందుకుంది.

"ఒక్క శనివారమేగా. పట్టీ విప్పేసి తరిగేసి మళ్లీ కట్టుకుంటాను. ఎవరికి తెలుస్తుంది?"

"వేలికి తెలుస్తుంది," అన్నాను.

మా చెల్లెలి కొడుకు అంతవరకూ ఫోన్‌లో తలదూర్చి తింటున్నాడు. కళ్లజోళ్ల కొట్లో పనిచేస్తాడు. ఊళ్లోవాళ్ల చూపు సరిచేస్తాడు గాని తన చూపు కంచం దాటి పోదు. తల ఎత్తకుండానే తీర్పు చెప్పాడు.

"పెద్దమ్మా, నువ్వు ప్రతిదానికీ రాద్ధాంతం చేస్తావు. అమ్మకి అది కాలక్షేపం. ఊరికే కూర్చుంటే మోకాళ్లు పట్టేస్తాయి."

"మీ అమ్మ గడియారాలు బాగుచేస్తుందిరా. ఆమెకి కాలం ఎలా క్షేపించాలో నువ్వు నేర్పక్కర్లేదు."

"నేనెవర్నీ బలవంతపెట్టలేదు పెద్దత్తయ్యా," అంది పావుగంట, కంచం ముందుకు తోసి. "నేను కత్తి పడితే అత్తయ్యకి నచ్చదు. నా చేతిలోంచి లాక్కుంటారు. కావాలంటే ఆవిణ్నే అడగండి."

"నిజమే అక్కా. దాని ముక్కలు ఇటుకల్లా ఉంటాయి."

"ఇటుకలతో జనం ఇళ్లు కట్టుకున్నారు. కూరకేం తక్కువ?"

మా చెల్లెలు ఎడమచేత్తో చెంచా పట్టుకుని ఆ చల్లటి కూరను విరుచుకుంటోంది. రాత్రి పడుకోబోతూ పట్టీ పట్టాలు వదులు చేసి బిగించి చూసుకుంటోంది, శనివారం ఎంత త్వరగా విప్పవచ్చో లెక్క వేస్తున్నట్టు. ఆమె గుణం నాకు తెలుసు. విప్పుతుంది. తరుగుతుంది. ఆ తర్వాత శనివారాలు ఊరూరా ఉంటాయి. గాజు గిన్నె కింద ఆ చేతిగడియారం అలాగే పడుకుని ఉంటుంది.

"నేను పెడతాను గిన్నెలు," అన్నాను మర్నాడు.

కోడలూ అత్తా ఒక్కసారే నా వైపు తిరిగారు.

"నువ్వా!" అంది మా చెల్లెలు. "నువ్వు జన్మలో ఉల్లిపాయ వాసన చూశావా?"

"చదివాను."

"చదివితే కన్నీళ్లు రావే."

"అది రాసినవాణ్ని బట్టి ఉంటుంది. నీ పట్టీ నీ చేతికి ఉండాలి. ఆ షరతు మీద పెడతాను."

పావుగంటకు నా మీద నమ్మకం లేదు, కాని అవసరం ఉంది. ఆమె చకచకా చెప్పేసింది: "పెద్దగా ఏం లేదు పెద్దత్తయ్యా. ఏ గిన్నెలో ఏముండాలో, ఎంతుండాలో అంతా నా వీడియోలోనే చెప్పాను. చూసి అలాగే పెట్టెయ్యండి చాలు. చిన్నపిల్లలకి కూడా అర్థమవుతుంది."

ఆమె వీడియోను నేను మొదటిసారి శ్రద్ధగా, అరుదైన గ్రంథాన్ని చదివినట్టు, వెనక్కి తిప్పి తిప్పి చూశాను. "అన్నీ మనింట్లో ఉన్నవే!" అంటుంది అందులో. "రెండు ఉల్లిపాయలు, రెండు క్యారెట్లు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, గుప్పెడు చిక్కుడు గింజలు, ఒక చిన్న క్యాబేజీ, మూడు గుడ్లు. అంతే! గడియారం చూసుకోండి, పావుగంట!" తరగమని గాని, కడగమని గాని, నానబెట్టమని గాని, ఆ పని ఒక మనిషి చేస్తుందని గాని ఎక్కడా లేదు. చిన్నపిల్లలకి కూడా అర్థమవుతుందన్న మాట నిజమే. నాకు అర్థమైంది.

శనివారం ఉదయం వంటింటి తలుపు వేసుకుని, ఒక గిన్నెలో రెండు ఉల్లిపాయలు పెట్టాను. ఒక గిన్నెలో రెండు క్యారెట్లు, మట్టితో, ఆకుతో. ఒకదానిలో వెల్లుల్లి, ఒకదానిలో గుప్పెడు గింజలు, ఎండినవి ఎండినట్టే. క్యాబేజీకి మాత్రం పెద్ద గిన్నె వెతకవలసివచ్చింది. మూతలు బిగించి సంచిలో సర్దాను. పొరపాటున చేశానని చెప్పడం లేదు. చెప్పినట్టు చేశాను. ఆమె ఒక్క మూతైనా ఎత్తి చూస్తుందేమో, చూస్తే ఇంట్లోనే గొడవపడి, ఇంట్లోనే కత్తి పడుతుందేమో అని ఒక అవకాశం కూడా వదిలాను. చూడలేదు. ఇన్నాళ్లలో ఆమెకు మూత ముందుగా ఎత్తి చూడవలసిన అవసరం రాలేదు. మూత కింద ఉండవలసింది ఉంటుంది, కుళాయి తిప్పితే నీళ్లు వచ్చినట్టు.

పెనాల కొట్టు మేడ మీద మడతకుర్చీలు వేశారు. గోడల నిండా పెనాలు వేలాడుతున్నాయి. ఎటు తిరిగినా మన ముఖమే, కొంచెం పొట్టిగా, కొంచెం వెడల్పుగా. పనుల్లోంచి నేరుగా వచ్చిన ఆడవాళ్లు సంచులు కాళ్ల దగ్గర పెట్టుకుని కూర్చున్నారు. ముందు వరుసలో ఒక బస్సు కండక్టరమ్మ, భుజాన టిక్కెట్ల సంచీ ఇంకా దించలేదు. వేదిక పక్కన కుండంత గడియారం పెట్టారు, పావుగంట అయ్యాక మోగేలా. కొట్టు యజమాని కోటు మీద వంటగుడ్డ కట్టుకుని మైకులో, "కాలం విలువైనది!" అని మూడుసార్లు అన్నాడు. మా చెల్లెలు నా పక్కన, పట్టీ కట్టిన చేతిని కొంగు కింద దాచుకుని కూర్చుంది. కొడుకు ఎదురుగా నిలబడి ఫోన్‌తో తీస్తున్నాడు.

"మొదలు!" అన్నాడు యజమాని. గడియారం కదిలింది.

ఆమె నవ్వడంలో దిట్ట, అది ఒప్పుకోవాలి. జనం వైపే చూస్తూ నూనె పోసింది, జనం వైపే చూస్తూ మొదటి మూత తీసింది, "ఇప్పుడు ఉల్లిపాయలు!" అంటూ జనం వైపే చూస్తూ గిన్నె పెనంలోకి వంచింది.

రెండు ఉల్లిపాయలు తొక్కతో సహా దబ్బుమని నూనెలో పడ్డాయి. నూనె చిమ్మింది. ఆమె కెవ్వుమని వెనక్కి గెంతింది. ఒక ఉల్లిపాయ పెనం అంచెక్కి, గట్టు దాటి, కింద పడి దొర్లుకుంటూ వెళ్లి కండక్టరమ్మ చెప్పు దగ్గర ఆగింది.

కండక్టరమ్మ దాన్ని తీసి, కొంగుతో తుడిచి, లేచి అందించింది. "అమ్మా, మీ ఉల్లిపాయ దిగిపోయింది."

హాలంతా గొల్లుమంది. పావుగంట కూడా నవ్వింది, పెదవులతో. "సరదాగా! చిన్న సరదా!" అంటూ రెండో మూత తీసింది. క్యారెట్లు ఆకులతో పలకరించాయి. మూడోది తీసింది. గింజలు గులకరాళ్లలా గలగలమన్నాయి. క్యాబేజీ గిన్నె మూత తీయడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

"కత్తి," అంది మెల్లగా.

వేదిక మీద కత్తి లేదు. గరిటెలున్నాయి, అట్లకాడలున్నాయి, ఆరు రంగుల వంటగుడ్డలున్నాయి. ఆ పద్ధతి వంటలో కత్తికి ఎన్నడూ పాత్ర లేదు. యజమాని కింది అంతస్తుకు కేకేశాడు. అమ్మకానికి పెట్టిన కత్తి ఒకటి వచ్చింది, గట్టి ప్లాస్టిక్కు తొడుగులో. దాన్ని ఆయన గోళ్లతో పీకాడు, పళ్లతో కొరికాడు. అది రాలేదు.

"ఆ కత్తిని తియ్యాలంటే ముందు కత్తి కావాలండీ," అంది ఎవరో వెనకనుంచి.

చివరికి కండక్టరమ్మ తన తాళంచెవితో చీల్చి ఇచ్చింది. అప్పటికి నూనె మాడి పొగలు కమ్మాయి. పొయ్యి ఆపారు. గడియారం మాత్రం నడుస్తోంది. పావుగంట ఉల్లిపాయ తొక్క ఒలవడం మొదలుపెట్టింది, బహుమతి పొట్లం విప్పుతున్నంత జాగ్రత్తగా. కన్నీళ్లు కారుతున్నాయి. అవి ఉల్లిపాయవో కావో నేను చెప్పలేను.

నా పక్కన కుర్చీ కిర్రుమంది. మా చెల్లెలు లేచింది.

"కూర్చో," అన్నాను.

"నువ్వేగా చేసింది?"

"నేనే. కూర్చో."

"దాని పరువు పోతోందే అక్కా!"

"నీ వేలు పోతుంది."

ఆమె నా వైపు చూసిన చూపు చిన్నప్పుడు నాన్న బల్లమీంచి నేను ఒక మర పారేసినప్పటి చూపు. నడుస్తూనే పట్టీ విప్పింది. వేదిక ఎక్కి, పట్టీని గట్టు మీద పెట్టి, కోడలి చేతిలోంచి కత్తి లాక్కుంది. ఉల్లిపాయ రెండు ముక్కలైంది, నాలుగైంది, తర్వాత కంటికి ఆనలేదు. ఆ చప్పుడు, గట్టు మీద కత్తి చప్పుడు, పెద్ద గడియారం చప్పుడుతో పందెం వేస్తున్నట్టు ఉంది.

"తప్పు మా కోడలిది కాదండీ," అంది మా చెల్లెలు, తలెత్తకుండా, అందరికీ వినబడేలా. "అదిగో, ఆ మూడో వరుసలో కూర్చుంది చూడండి, మా అక్క, ఆమెది. తరిగి పెట్టవే అంటే కాయలు కాయల్లాగే పెట్టింది. మా కోడలికి ఏం తెలుసు పాపం? దానికి రోజూ గిన్నెల్లో సిద్ధంగా ఉంటాయి."

తలలన్నీ నా వైపు తిరిగాయి. నేను నిటారుగా కూర్చున్నాను.

"రోజూ సిద్ధంగా ఎవరు పెడతారమ్మా?" అంది కండక్టరమ్మ.

"నేనే పెడతాను. ఇప్పుడు డాక్టరు వద్దన్నాడని మా అక్క పెట్టింది గాని, లేకపోతే నేనే."

"అంటే మీరు మధ్యాహ్నమంతా కూర్చుని తరిగితే, ఈవిడ పావుగంటలో వండుతుంది."

"మధ్యాహ్నమంతా తరగడమే కాదండీ," అంది మా చెల్లెలు. ఆమె పనిలో అబద్ధం ఎరగదు. ఒక గడియారం ఎంత వెనకబడుతోందో అడిగితే ఎలా చెబుతుందో అలా చెప్పింది. "గింజలు నానబెట్టేది ముందురోజు. ఉడకబెట్టేది పొద్దున. తరగడం, గిన్నెలు తోమడం మధ్యాహ్నం."

కోడలిని కాపాడడానికి మొదలుపెట్టిన మాట కోడలిని నిలువునా విప్పి పెట్టింది. నేను ఏడాది పాటు ఉపన్యాసాలిచ్చినా ఇంత చేయలేకపోయేదాన్ని.

వెనక వరుసలో కుట్టుపని చేసే ఒక సన్నటి అమ్మాయి లేచి నిలబడింది. బట్టల మీద దారపు పోగులు ఇంకా ఉన్నాయి. ఆమె నవ్వడం లేదు.

"నేను రోజూ మీ వీడియో పెట్టుకునే వండుతానండీ. ఒక్కరోజు కూడా పావుగంటలో కాలేదు. మా ఆయన గడియారం చూపించి, ఆవిడకి అవుతుంది నీకెందుకు కాదు అంటాడు. నాకే చేతకావడం లేదని..." ఆమె ఆగిపోయింది. "నాకే చేతకావడం లేదనుకున్నాను."

పావుగంట జవాబు చెప్పడానికి నోరు తెరిచింది. "అత్తయ్యకి అదొక సరదా అండీ..." అంది.

అప్పుడే కత్తి జారింది. గట్టు మీద ఒకసారి మోగి, నేల మీద ఒకసారి మోగింది. మా చెల్లెలు కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని నిలబడింది. ఏమీ అనకపోవడం ఆమెకు బాగా అలవాటు. అయితే ఈసారి హాలు నిండా మనుషులు చూస్తున్నారు. కొడుకు కూడా చూస్తున్నాడు, ఫోన్‌లోంచి. తల్లి చేతిలోంచి కత్తి జారడాన్ని అతడు చక్కటి వెలుతురులో, వణుకు లేకుండా తీశాడు.

పావుగంట వంగి కత్తి తీసింది. ఆ అత్త ముఖం, ఆ వేలు, ఆ వరసల్లో కూర్చున్న కళ్లు అన్నింటినీ చూసింది. ఆమె ముఖంలో నవ్వు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగేదో ఆ చోటు ఖాళీగా కనిపించింది.

"అత్తయ్యా, జరగండి," అంది. గట్టు మీది పట్టీ తీసి ఆమె చేతికిచ్చింది. "కట్టుకోండి ముందు."

తర్వాత ఆమె తరిగింది. ఇటుకలే. కొన్ని ఇటుకలు, కొన్ని బండరాళ్లు. క్యాబేజీని రెండు చేతులతో నొక్కి చీల్చింది. మధ్యలో పెద్ద గడియారం గణగణ మోగింది. ఆమె తలెత్తలేదు. యజమాని మైకు ఆపి, గొంతు తగ్గించి, "మళ్లీ మాట్లాడుకుందాం లెండి," అని వంటగుడ్డ విప్పుకున్నాడు. సగంమంది వెళ్లిపోయారు. కుట్టుపని అమ్మాయి వెళ్లలేదు. కండక్టరమ్మ వేదికెక్కి గుడ్లు కొట్టింది. చిక్కుడు గింజలు అప్పటికీ రాళ్లే కాబట్టి అవి పక్కన పెట్టి, మిగిలినవాళ్లు నిలబడే తిన్నారు. వేడిగా ఉంది. అంతకుమించి దాని గురించి చెప్పవలసిందేమీ లేదు.

ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో మా చెల్లెలు నాకు దూరంగా కూర్చుంది. ఆమె కొడుకు మాత్రం నా వైపు వంగి, "నీకు మనసెలా వచ్చింది పెద్దమ్మా?" అన్నాడు.

"నీకు రాలేదు కదరా. అందుకని నేను తెచ్చుకున్నాను."

కొట్టు యజమాని మళ్లీ మాట్లాడలేదు. ఆయన ఇంకొక కుర్రవాణ్ని కుదుర్చుకున్నాడు. వాడి నవ్వు ఇంకా పెద్దది, వాడి గిన్నెలు ఇంకా చిన్నవి. వాడి ఇంట్లో పీట మీద ఎవరు కూర్చున్నారో నాకు తెలియదు, ఉన్నారని మాత్రం తెలుసు. మా ఇంట్లో కొన్నాళ్లపాటు నాతో ఎవరూ మాట్లాడలేదు. గ్రంథాలయంలో పనిచేసినదాన్ని, నిశ్శబ్దానికి భయపడను.

అయితే ఒక మార్పు వచ్చింది. మా చెల్లెలు అలవాటు చొప్పున వెనక వసారాలోకి నడిస్తే చాలు, వంటింట్లోంచి పావుగంట అరిచేది. "అత్తయ్యా, మీరు పీట ముట్టుకోకండి! మళ్లీ నన్ను పదిమందిలో నిలబెట్టకండి తల్లీ!" అది ప్రేమ కాదు. పరువు భయం. ఆ రెండింటికీ ఉన్న తేడా నాకు తెలుసు, బొటనవేలికి తెలియదు. దానికి విశ్రాంతి దొరికింది. వాపు తీసింది. డాక్టరు పట్టీని పగలు విప్పవచ్చన్నాడు. మా చెల్లెలు కత్తి మాట మళ్లీ ఎత్తగా ఆయన కళ్లజోడు పైనుంచి చూశాడు, అంతే.

ఆ సాయంత్రం మా చెల్లెలు కిటికీ దగ్గర కూర్చుంది. గాజు గిన్నె ఎత్తి పక్కన పెట్టింది. భూతద్దం కంటికి బిగించింది. నేను ఆ గదిలోనే పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. వంటింట్లో దబ్ దబ్‌మని కత్తి పడుతోంది. మధ్యమధ్య, "అబ్బ!" అని వినబడుతోంది. ఫోన్ గోడకు తిప్పి పెట్టి ఉంది.

"ఇంకా ఎంతసేపు?" అన్నాడు కొడుకు, కుర్చీలోంచి. "పావుగంట అన్నావుగా!"

"వచ్చి తరిగితే త్వరగా అవుతుంది."

"నాకు ఉల్లిపాయ పడదు. కళ్లు మండుతాయి."

"మీ కొట్లో కళ్లజోళ్లు లేవూ? ఒకటి తగిలించుకుని రండి."

"అమ్మా!" అన్నాడు వాడు, చిన్నపిల్లవాడు ఫిర్యాదు చేసినట్టు. "అమ్మా, చూడు దీన్ని!"

మా చెల్లెలి రెండు చేతులూ కుర్చీ అంచుల మీదికి వెళ్లాయి. సగం లేచింది. ఆ లేవడం ఆమె ఒంట్లో ఉంది, ఎవరో లోపల స్ప్రింగు బిగించినట్టు. నేను పుస్తకంలోంచి తలెత్తలేదు. పేజీ కూడా తిప్పలేదు. వంటింట్లో కత్తి ఆగింది, అక్కడ కూడా ఎదురుచూస్తున్నారు.

బల్ల మీద పట్టకారు ఉంది. ఆమె దాని వైపు చూసింది. కూర్చుంది.

"లోపలికి వెళ్లి తరగరా," అంది. భూతద్దం తీయలేదు, గొంతు పెంచలేదు. "నాకు చేతిలో పని ఉంది."

కుర్చీ జరిగిన చప్పుడైంది. కాళ్లీడ్చుకుంటూ పోయిన చప్పుడైంది. కాసేపటికి వంటింట్లో ఇద్దరు మనుషులు వాదించుకునే చప్పుడు, ఒకే కత్తి కోసం.

"అక్కా," అంది మా చెల్లెలు. పెనాల కొట్టు తర్వాత నాతో అన్న మొదటి మాట అది. "ఆ దీపం కాస్త ఇటు తిప్పు."

తిప్పాను. పట్టకారు మొనల మధ్య ఆవగింజలో సగం లేని మర, వణకకుండా, నెమ్మదిగా గాలిలో ప్రయాణం చేసి, తన చోట కూర్చుంది. ఆమె దాన్ని బిగించింది. గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని విన్నది.

లోపల కొడుకు ముక్కు చీదాడు.

"ఇవాళ ముక్కలు ఇటుకలకంటే పెద్దవి వస్తాయి," అంది మా చెల్లెలు.

"రానీ," అన్నాను.